నిద్ర లేవగానే కట్టెలా బిగుసుకుపోతున్న కుక్కపిల్ల: ఎవరికైనా అనుభవం ఉందా?

గుత్తిరోడ్డు_వాసి (అనంతపురం)
బెంగళూరు నుంచి మినియేచర్ ష్నౌజర్ జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పేరు బఠాణీ, ఇప్పుడు ఏడో నెల. పొద్దున లేచి నడవబోతే నాలుగు కాళ్లూ కర్రల్లా చాచుకుపోయి కుందేలులా గెంతుతుంది. ఒక్కోసారి పక్కకు ఒరిగిపోతుంది. స్పృహ మాత్రం ఉంటుంది, నన్నే చూస్తుంటుంది. ఐదు నిమిషాలు తిరిగితే మామూలే. చలికాలంలో మరీ ఎక్కువ. తొడలు చూస్తే జిమ్‌కు పోయినట్టు ఉంటాయి. ఇక్కడ చూపిస్తే కాల్షియం తక్కువన్నారు. రెండు సీసాలు అయిపోయాయి, ఏ మార్పూ లేదు.

కేసీ_కెనాల్_గట్టు (కర్నూలు)
మా ల్యాబ్రడార్‌దీ ఇలాంటి కథే అన్నా. బంతి వేస్తే పది నిమిషాలు దుమ్ము రేపేది, తర్వాత వెనక కాళ్లు ఈడ్చుకుంటూ కూలబడేది. పావుగంట నీడలో పడుకుంటే లేచి తోక ఊపేది. ఎండదెబ్బ అనుకున్నాం. మన ఊళ్లో ఏం జరిగినా ఎండ మీదికి తోసేయడం అలవాటే కదా! చివరికి పరీక్షలో డీఎన్ఎం1 అనే జన్యువులో లోపం బయటపడింది. బంతి ఆట మానిపించాం. మెల్లగా నడిపిస్తే ఏ ఇబ్బందీ లేదు.

పశువైద్య_విద్యార్థిని (ప్రొద్దుటూరు)
మీ ఇద్దరివీ ఒకటి కావు. కర్నూలు అన్నా, మీది పరిగెత్తాక నీరసించి పడిపోవడం. బఠాణీది విశ్రాంతి తర్వాత బిగుసుకుని, కదిలేకొద్దీ వదులవడం. దీన్ని మయోటోనియా కంజెనిటా అంటారు. ష్నౌజర్లలో, చౌచౌలలో తెలిసిన జబ్బే. ముడుచుకున్న కండరం తిరిగి వదులవ్వాలంటే క్లోరైడ్ కదిలే దారి సరిగా ఉండాలి. ఆ దారిని తయారుచేసే సీఎల్‌సీఎన్1 జన్యువు దెబ్బతింటే కండరం పట్టు వదలదు. తొడ మీద గట్టిగా తడితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. నాలుక మీదా అంతే. కానీ ఇంట్లో మీరు కొట్టి చూడొద్దు, డాక్టరే చూస్తారు.

కాల్షియం చెప్పిన డాక్టర్‌ను తప్పుపట్టను. పెరుగన్నం మీదే పెరిగే కుక్కపిల్లల్లో ఆ లోపం నిజంగానే కనిపిస్తుంది. వాటికి నొప్పి ఉంటుంది, కాళ్లు వంకర పోతాయి. తిరిగితే నయమయ్యేది కాదు. ఇంకొకటి: బాగున్న కుక్క ఉన్నట్టుండి బిగుసుకుపోయి దవడ పట్టేస్తే ధనుర్వాతం కావచ్చు. గాయం ఉందేమో చూసి అదే రోజు పరుగెత్తాలి. మీరైతే లేచిన క్షణం నుంచి వీడియో తీసి పెట్టుకోండి. ఆస్పత్రికి చేరేసరికి బఠాణీ హాయిగా నడిచేస్తుంటుంది, ఎవరూ నమ్మరు.

మేకలోడు (పులివెందుల)
అమెరికాలో టెన్నెస్సీ మేకలు బెదిరితే బిగుసుకుని దబ్బున పడిపోతాయే, ఆ వీడియోలు చూసి మా మందకు లేదులే అని నవ్వుకునేవాణ్ణి. అదీ ఇదేనా అక్కా?

పశువైద్య_విద్యార్థిని (ప్రొద్దుటూరు)
అదే జన్యువు అన్నా. మనుషుల్లోనూ ఉంది. 1876లో థామ్సెన్ అనే డాక్టర్ తన సొంత కుటుంబంలోని జబ్బునే రాసిపెట్టాడు.

గుత్తిరోడ్డు_వాసి (అనంతపురం)
నెల తర్వాత రాస్తున్నా. వీడియో చూపించగానే పెద్ద డాక్టర్ దూదిపుల్లతో చెంప లోపల నమూనా తీసి పంపారు. అదే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వచ్చిందట. ఆ తల్లీ తండ్రీ పైకి ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ అలాంటి జంటకు పుట్టే ఒక్కో పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందన్నారు. మెక్సిలెటిన్ అనే గుండె లయ మాత్ర మొదలుపెట్టారు, కొంత తేలికైంది. ఇంట్లో కడప బండలు, పొద్దునకు మంచుగడ్డలా ఉంటాయి, పైగా జారుడు. గోనె పట్టాలు పరిచాను. నిజం చెప్పాలంటే మాత్ర కంటే అవే ఎక్కువ పనిచేస్తున్నాయేమో అనిపిస్తుంది.

అమ్మినతనికి ఫోన్ చేసి ఆ జంటను మళ్లీ కలపొద్దన్నాను. కట్ చేశాడు. మొన్న అవే తల్లిదండ్రుల ఫొటోతో కొత్త పిల్లల ప్రకటన కనిపించింది. కడుపు మండిపోయింది. బఠాణీకి మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నాం.

పశువైద్య_విద్యార్థిని (ప్రొద్దుటూరు)
మత్తు ఇచ్చే ముందు ఈ జబ్బు సంగతి తప్పకుండా చెప్పండి. కొన్ని మందులు వీటికి పడవు. రిపోర్టు చేతిలోనే ఉంచుకోండి.

గుత్తిరోడ్డు_వాసి (అనంతపురం)
అలాగేనమ్మా. గురువారం వెళ్తున్నాం.