కిడ్నీ గడ్డ రిపోర్టులో వీహెచ్ఎల్ మ్యుటేషన్ 44 శాతం: పుట్టుకతో వచ్చిందా, గడ్డలోనే పుట్టిందా?

నెఫ్రాన్77

నమస్కారమండీ. ఒక రిపోర్టు చదవడంలో సందేహం. వయసు 58. కుడి కిడ్నీలో ఒకటే గడ్డ, 6 సెం.మీ. క్లియర్ సెల్ కార్సినోమా, గ్రేడ్ 3. కుటుంబంలో ఎవరికీ కిడ్నీ క్యాన్సర్ లేదు. జన్యు ప్యానెల్ గడ్డ ముక్క మీద మాత్రమే చేశారు, రక్తం మీద చేయలేదు. వచ్చినవి ఇవి:

వీహెచ్ఎల్ (క్యాన్సర్‌ని ఆపే జన్యువు): ఫ్రేమ్‌షిఫ్ట్ (జన్యువులో అక్షరాల వరస జరిగిపోయే మార్పు), వీఏఎఫ్ (శాంపిల్‌లోని ఆ జన్యువు ప్రతుల్లో మార్పు ఉన్నవాటి వాటా) 44 శాతం
పీబీఆర్ఎం1 (ఇదీ అలాంటి జన్యువే): నాన్‌సెన్స్ (ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయే మార్పు), వీఏఎఫ్ 28 శాతం
3పీ లాస్ (మూడో క్రోమోజోము పొట్టి భుజం ఒక ప్రతి పోవడం) ఉంది
శాంపిల్‌లో గడ్డ కణాల వాటా సుమారు 60 శాతం

వీఏఎఫ్ యాభై దగ్గర ఉంటే పుట్టుకతో వచ్చిన మార్పని అనుమానించాలంటారు కదా. అలాగైతే పిల్లలకి రక్తపరీక్ష చెప్పాలా? రెండు మార్పులకీ శాతాల్లో అంత తేడా ఎందుకుంది? వీటిని బట్టి మందు మారుతుందా?

జన్యుపత్రం

యాభై లెక్క జన్యువుకి రెండు ప్రతులూ ఉన్నచోటే చెల్లుతుందండీ. ఈ రిపోర్టులోనే 3పీ లాస్ అని రాశారు, అంటే గడ్డ కణాల్లో వీహెచ్ఎల్‌కి ఒక్క ప్రతే మిగిలింది. కాబట్టి లెక్క మొదటినుంచీ వేసుకోవాలి.

వంద కణాలు తీసుకోండి. 60 గడ్డవి, ఒక్కో దాంట్లో ఒక ప్రతి, మొత్తం 60. మిగతా 40 మామూలు కణాలు (రక్తనాళాలవి, తెల్లకణాలు వగైరా), ఒక్కో దాంట్లో రెండు, మొత్తం 80. అన్నీ కలిపి 140 ప్రతులు.

మార్పు గడ్డలో మాత్రమే పుట్టి ఉంటే 140లో 60 ప్రతుల్లో కనిపించాలి, అంటే 43 శాతం. పుట్టుకతో వచ్చినదైతే గడ్డలో మిగిలిన 60 ప్రతుల్లోనూ ఉంటుంది, మామూలు కణాల్లో ఒక్కో ప్రతి చొప్పున ఇంకో 40లోనూ ఉంటుంది. అప్పుడు 140లో 100, అంటే 71 శాతం. మీ రిపోర్టులో ఉన్నది 44. గడ్డలో పుట్టిన మార్పుకే సరిపోతోంది.

ఒక్క జాగ్రత్త. ఆ 60 శాతం స్లయిడ్ చూసి కంటి అంచనాతో రాసిన అంకె, పది పదిహేను పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. నిజంగా 70 అయితే, గడ్డలో పుట్టిన మార్పు కూడా 54 శాతం చూపిస్తుంది. అందుకే ఈ లెక్క దారి చూపడానికే గానీ తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు చెప్పేది రక్తమే.

ఇక పీబీఆర్ఎం1. అదీ 3పీ మీదే ఉంది, కాబట్టి అదే 140. అందులో 28 శాతం అంటే సుమారు 39 ప్రతులు. గడ్డ కణాలు 60 కదా, వాటిలో మూడింట రెండు వంతుల కణాల్లోనే ఈ మార్పు ఉందన్నమాట. వీహెచ్ఎల్ మొదలు, పీబీఆర్ఎం1 తర్వాత పుట్టిన కొమ్మ. క్లియర్ సెల్‌లో సాధారణంగా కనిపించే వరస ఇదే.

వరస అలా ఎందుకుంటుందంటే, మూడో క్రోమోజోము పొట్టి భుజం మీద 3పీ25 దగ్గర వీహెచ్ఎల్ ఉంటుంది. అదే భుజం మీద 3పీ21 దగ్గర పీబీఆర్ఎం1, బ్యాప్1, సెట్‌డీ2 ఉంటాయి. నాలుగూ క్యాన్సర్‌ని ఆపే జన్యువులే. భుజం ఒక్కసారి ఊడిందంటే నాలుగింటికీ ఒక్కో ప్రతి చొప్పున పోతుంది. క్లియర్ సెల్ గడ్డల్లో 90 శాతానికి పైగా ఈ లాస్ ఉంటుంది. చాలామందిలో ఇది జబ్బు బయటపడడానికి దశాబ్దాల ముందే, చిన్నతనంలోనో యుక్తవయసులోనో జరిగిపోతుందని గడ్డల డీఎన్ఏ లెక్కలు చెబుతున్నాయి. కొందరిలో మూడో క్రోమోజోము, ఐదో క్రోమోజోము ఒకేసారి ముక్కలై తప్పుగా అతుక్కుంటాయి. 3పీ పోవడం, 5క్యూ (ఐదోదాని పొడుగు భుజం) అదనంగా చేరడం ఆ ఒక్క దెబ్బతోనే అయిపోతాయి.

ఆ తర్వాత వీహెచ్ఎల్ రెండో ప్రతి మ్యుటేషన్ వల్లో, మెథైలేషన్‌తో (డీఎన్ఏ మీద పడే రసాయన గుర్తుతో) మూతపడో పోతుంది. అయినా అక్కడితో క్యాన్సర్ కాదు. వీహెచ్ఎల్ వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ల కిడ్నీల్లో మైక్రోస్కోపు కింద వందల కొద్దీ చిన్న చిన్న మచ్చలు, తిత్తులు దొరుకుతాయి. వాటిలో పెద్ద గడ్డలయ్యేవి కొన్నే. మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి పూర్తిగా పోవడమో, ఇతర క్రోమోజోముల్లో మార్పులు చేరడమో జరగాలి.

పీబీఆర్ఎం1 పోయిన గడ్డలో బ్యాప్1 కూడా పోవడం అరుదు. బ్యాప్1 పోయిన గడ్డలు ఎక్కువ గ్రేడ్‌లో ఉంటాయి, ఫలితాలూ అధ్వానం. మీ రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌ని ఇంకొకటి అడగవచ్చు: 9పీ (తొమ్మిదో క్రోమోజోము పొట్టి భుజం), 14క్యూ (పద్నాలుగోదాని పొడుగు భుజం) ఉన్నాయా, పోయాయా? జబ్బు పాకడంతో ఆ రెండు లాస్‌లకీ ఉన్న సంబంధం వీహెచ్ఎల్ మ్యుటేషన్‌కి లేదు.

స్లయిడ్_బాక్స్

లెక్క బాగుంది. రక్తపరీక్ష ఎవరికి అవసరమో నేను చెబుతాను. వయసు 46 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, రెండు కిడ్నీల్లోనూ గడ్డలున్నా, ఒకే కిడ్నీలో ఒకటికి మించి ఉన్నా, దగ్గరి బంధువుల్లో కిడ్నీ క్యాన్సర్ ఉన్నా పంపాలి. స్లయిడ్ కూడా చెబుతుంది. ఎఫ్‌హెచ్ జన్యువు లోపం, ఎస్‌డీహెచ్ జన్యువు లోపం ఉన్న గడ్డలు, క్రోమోఫోబ్, ఆంకోసైటోమా అనే రెండు రకాలూ కలగలిసిన గడ్డలు, ఇవి ఏ వయసులో కనబడినా ఆగకూడదు. నెఫ్రాన్77 గారు చెప్పిన రోగిలో ఇవేవీ లేవు. కళ్ల రెటీనాలోనో మెదడులోనో హెమాంజియోబ్లాస్టోమా (రక్తనాళాల గడ్డ), అడ్రినల్ గ్రంథి మీద ఫియోక్రోమోసైటోమా (హార్మోన్ విడుదల చేసే గడ్డ), క్లోమంలో తిత్తులు ఉన్నాయా అని ఒకసారి చరిత్ర అడిగి, లేకపోతే వదిలేయవచ్చు.

మొత్తం కిడ్నీ క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చినవి ఐదారు శాతం మాత్రమే. కానీ ఆ ఐదారు శాతంలో ఏ జన్యువు అన్నదాన్ని బట్టి సర్జరీ నిర్ణయం తారుమారవుతుంది. వీహెచ్ఎల్ అయితే, గడ్డల్లో పెద్దది 3 సెం.మీ. చేరేదాకా స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటారు. ముందే కోస్తూ పోతే జీవితంలో ఎన్నో ఆపరేషన్లు, చివరికి కిడ్నీ మిగలదు. మెట్ జన్యువు మార్పుతో వచ్చే పాపిల్లరీ గడ్డలకీ, ఎఫ్ఎల్‌సీఎన్ మార్పుతో వచ్చే బర్ట్-హాగ్-డూబే గడ్డలకీ అదే పద్ధతి.

ఎఫ్‌హెచ్‌కి ఈ 3 సెం.మీ. సూత్రం వాడితే ప్రాణం మీదికొస్తుంది. ఒక సెంటీమీటరు గడ్డ కూడా పాకగలదు. కనబడిన వెంటనే, చుట్టూ విశాలమైన అంచుతో తీసేయాలి. ఆ కుటుంబాల్లో ఏటా ఎంఆర్ఐ 8 నుంచి 10 ఏళ్ల వయసులోనే మొదలుపెడతారు. ఒంటి మీద నొప్పి పెట్టే చిన్న లియోమయోమాలు (కండర కణాల గడ్డలు), చిన్న వయసులోనే గర్భాశయంలో పెద్ద ఫైబ్రాయిడ్లు ఉన్నాయేమో అడిగితే సగం పని అయిపోతుంది. స్లయిడ్ మీద, పెద్ద ఎర్రని న్యూక్లియోలస్, దాని చుట్టూ తెల్లని వలయం కనబడితే ఎఫ్‌హెచ్ స్టెయిన్ వేయించండి. ఒక్క మాట, ప్రోటీన్ పనిచేయకపోయినా స్టెయిన్ నిలిచి ఉండే మ్యుటేషన్లున్నాయి. కాబట్టి స్టెయిన్ ఉందని నిశ్చింతగా ఉండకూడదు, 2ఎస్‌సీ స్టెయిన్ (ఎఫ్‌హెచ్ పనిచేయనప్పుడు కణంలో పేరుకునే గుర్తుని చూపేది) కూడా వేయించాలి.

ఆంకో_నోట్స్

మందు సంగతి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు చూసి మాత్ర రాసినట్టు, ఇక్కడ వీహెచ్ఎల్ మ్యుటేషన్ ఉందా లేదా చూసి మందు ఎంచుకోరు. పజోపనిబ్, క్యాబోజాంటినిబ్ లాంటి, గడ్డకి రక్తనాళాలు పెరగకుండా ఆపే మందులు రాయడానికి ఆ రిపోర్టు అక్కర్లేదు.

సంబంధం మాత్రం ఉంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు హిఫ్ అనే ప్రోటీన్ మీద ప్రోలీన్‌కి హైడ్రాక్సిల్ గుర్తు పడుతుంది, ఆ గుర్తు చూసి వీహెచ్ఎల్ దాన్ని కణంలో పారవేతకి పంపుతుంది. వీహెచ్ఎల్ లేకపోతే హిఫ్ పేరుకుపోతుంది. కణానికి ఊపిరి బాగానే ఆడుతున్నా ఆడనట్టే ప్రవర్తిస్తుంది, వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కుమ్మరించి రక్తనాళాలు పెంచుకుంటుంది. ఈ ఆక్సిజన్ యంత్రాంగాన్ని విప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి 2019 నోబెల్. క్లియర్ సెల్‌లో అసలు దోషి హిఫ్-2 ఆల్ఫా. దాన్ని అడ్డుకునే బెల్జుటిఫాన్‌కి అమెరికాలో 2021లో వీహెచ్ఎల్ జబ్బుకీ, 2023లో ఇమ్యూనోథెరపీ, వీఈజీఎఫ్ మందులు రెండూ అయ్యాక ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కీ అనుమతి వచ్చింది. రెండో అనుమతికి మ్యుటేషన్ రిపోర్టు షరతు కాదు. ఈ మందుతో రక్తహీనత తరచుగా వస్తుంది, ఎందుకంటే ఎర్రకణాల్ని పుట్టించే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ తయారీ కూడా హిఫ్-2 చేతిలోనే ఉంది. ఆక్సిజన్ స్థాయి పడిపోవచ్చు, ఆక్సీమీటరుతో చూస్తుండాలి. గర్భం మీద హాని ఉంది, పైగా హార్మోన్ గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గిస్తుంది. కాబట్టి హార్మోన్ లేని పద్ధతి వాడాలి.

నెఫ్రాన్77

చాలా స్పష్టంగా చెప్పారు. ఇంకొక్కటి. వేరే రోగి, వయసు 38, రెండు వైపులా క్లియర్ సెల్ గడ్డలు. రక్తంలో వీహెచ్ఎల్ సీక్వెన్సింగ్ మామూలుగా ఉందని వచ్చింది. వదిలేయవచ్చా?

జన్యుపత్రం

వదలకండి. ముందు ఆ ల్యాబ్ డిలీషన్ పరీక్ష కూడా చేసిందో లేదో రిపోర్టు చివరి పేజీలో పద్ధతుల దగ్గర చూడండి. వీహెచ్ఎల్ కుటుంబాల్లో చెప్పుకోదగ్గ భాగానికి జన్యువులో ఒక ఎక్సానో (ప్రోటీన్‌కి కోడ్ ఇచ్చే ముక్క), జన్యువు మొత్తమో ఎగిరిపోయి ఉంటుంది. ఒక ప్రతి మామూలుగా ఉండడంతో వట్టి సీక్వెన్సింగ్ అంతా సరిగ్గా ఉన్నట్టే చదువుతుంది. ఎంఎల్‌పీఏ లాంటి ప్రతుల లెక్క అడగాలి.

అదీ మామూలుగానే ఉంటే మొజాయిక్ (ఒంట్లో కొన్ని కణాల్లోనే మార్పు ఉండడం) సంగతి ఆలోచించాలి. వీహెచ్ఎల్ జబ్బున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది. పిండం ఎదిగే దశలో వచ్చి ఉంటే రక్తంలో కొద్ది శాతమే ఉండి, మామూలు లోతులో చదివితే దొరకదు. దీనికి మంచి ఉపాయం, రెండు వైపుల గడ్డల్నీ విడివిడిగా సీక్వెన్స్ చేయించడం. రెండింట్లోనూ అచ్చంగా ఒకే మార్పు ఉండి, ఒకటి రెండోదానికి పాకినది కాదని తేలితే, అది ఒంట్లో ముందునుంచీ ఉన్నదే. ఆ ఒక్క చోటునే రక్తంలోనూ, చర్మం లేదా లాలాజలంలోనూ ఎక్కువ లోతుతో వెతకమనండి. వేర్వేరు మార్పులుంటే రెండు గడ్డలూ విడివిడిగా పుట్టాయి. అప్పుడు బ్యాప్1 ఉన్న విస్తృత ప్యానెల్‌కి వెళ్లి, మూడో క్రోమోజోము ట్రాన్స్‌లొకేషన్ (దాని ముక్క వేరే క్రోమోజోముకి అతుక్కోవడం) ఉందేమో క్యారియోటైప్ (క్రోమోజోముల్ని మైక్రోస్కోపులో చూసే పరీక్ష) కూడా చేయించాలి. 3, 8 క్రోమోజోముల మార్పిడితో కిడ్నీ క్యాన్సర్ వచ్చిన కుటుంబం గురించి 1979లోనే ప్రచురించారు. అలాంటి అతుకు మార్పు సీక్వెన్సింగ్ ప్యానెల్‌లో కనబడదు.

క్యారియోటైప్‌కి హెపారిన్ ట్యూబు, డీఎన్ఏ పరీక్షకి ఈడీటీఏ ట్యూబు. ఒకదానికి బదులు ఒకటి పంపితే శాంపిల్ తిప్పి పంపుతారు.