నాటుకోళ్లకి కాపలాగా దేన్ని పెంచాలి? గాడిదా, బాతులా, కుక్కా?

నున్న తోట:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పక్కన నున్నలో ఎకరంన్నర మామిడి తోట. మా ఆయన పొద్దున్నే ఆటోనగర్ పనికి పోతే మళ్లీ రాత్రికే రావడం. తోటా కోళ్లూ నా మీదే. దసరాకి 64 ఉన్నాయి. నిన్న సాయంత్రం నూకలు చల్లి లెక్కపెడితే 49. నాలుగు మేమే అమ్మాం. మిగతా 11 దొంగల పాలే.

పోయిన తీరు కూడా రాస్తాను, తెలిసినవాళ్లకి ఏదైనా తట్టొచ్చు. మూడు పెట్టలు రాత్రిపూట షెడ్డులోనే చచ్చిపడి ఉన్నాయి, మూడు వేర్వేరు రోజుల్లో. ఒంటి మీద గాటు లేదు, తలకాయ మాత్రం లేదు. గడియ వేసింది వేసినట్టే ఉంది. ఇంకో నాలుగు పెట్టలు పట్టపగలే మాయం, గట్టు మీద ఈకలు తప్ప ఏమీ మిగల్లేదు. నాలుగు పిల్లలు ఒక్కొక్కటిగా ఎప్పుడు పోయాయో కూడా తెలీదు. మొన్న మధ్యాహ్నం మూడింటప్పుడు డ్రిప్పు పైపు పక్కన బూడిదరంగుది ఒకటి వెనక కాళ్ల మీద నిలబడి నా వంకే చూసింది. నేను చెప్పు తీసేలోపు పక్కవాళ్ల కందిచేలో దూరిపోయింది.

మా తమ్ముడు యూట్యూబులో చూసి గాడిదని కొనమంటాడు. మా ఆయన అల్సేషన్ అంటారు. మా ఆడపడుచేమో సింగ్ నగర్లో ఎవరో పెద్దబాతుల జత అమ్ముతున్నారని రోజూ ఫోను. ఖర్చు పదివేలు దాటకూడదు. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని తోటంతా తిరిగే ఓపిక నాకు లేదండీ. దేన్ని తెచ్చుకోమంటారు?

గన్నవరం కుర్రోడు:

అక్కా, గాడిద మాట మర్చిపోండి. అది కాపలా కాసే మాట నిజమే. కుక్కన్నా నక్కన్నా దానికి పుట్టు పగ, చెవులు వెనక్కి పెట్టి వెంటపడి మరీ తొక్కుద్ది. కానీ అది గొర్రెల మందకి పనికొచ్చే కాపలా. ముంగిసో పిల్లో వస్తే మేత మీంచి తల కూడా ఎత్తదు. రేపు మీరు కుక్కని పెంచుకుంటే మాత్రం దాన్ని బతకనివ్వదు. పైగా ఇప్పుడు దొరకడమే గగనం. పశుగణన లెక్కల్లో 2012లో దేశం మొత్తం మీద 3.2 లక్షల గాడిదలుంటే 2019కి 1.2 లక్షలు మిగిలాయి. మన కోస్తాలో దొంగచాటుగా కోసి అమ్మేవాళ్లు కూడా తయారయ్యారు, మీ పదివేలల్లో రావడం కల్ల.

పసుపుకొమ్ము:

అమ్మా, మాది దుగ్గిరాల. కోళ్లు పెంచబట్టి ముప్పై ఏళ్లు దాటింది. జంతువు సంగతి తర్వాత, ముందు ఒకటి చెప్పు. షెడ్డు చుట్టూ కొట్టింది పెద్ద కన్నాల ఇనప కంచేనా? కోళ్లు ఎక్కి పడుకునే కర్ర ఆ కంచెకి ఆనుకుని ఉందా?

ఎందుకడుగుతున్నానంటే, ఒళ్లు మిగిలి తల పోయిందంటే దొంగ లోపలికి రాలేదన్న మాట. చీకట్లో కోడికి కళ్లు కనపడవు. బయట ఏదో తిరుగుతుంటే బెదిరి రెక్కలు కొట్టుకుని కంచె మీద పడిద్ది, తల కన్నంలో ఇరుక్కుంటది. అది బయట నించుని తల కొరికి పట్టుకుపోయిద్ది. ఒళ్లు ఆ కన్నంలోంచి రాదు గదా, అక్కడే వదిలేసిద్ది. అడవిపిల్లో మానుపిల్లో అయ్యుంటది. అవి రాత్రి దొంగలు.

పగలు పోయిన నాలుగూ వేరే పద్దు. వెనక కాళ్ల మీద నించుని నిన్ను చూసింది ముంగిస. పొద్దుగూకితే అది బొరియలో పడుకుంటది, దానికీ నీ షెడ్డుకీ సంబంధం లేదు. పిల్లల్ని గద్దో, కాకో, జెముడుకాకో తన్నుకుపోయి ఉంటది. అంటే నీకు ముగ్గురు దొంగలు, మూడు వేళలు, మూడు దారులు. ఒక్క జంతువుని తెచ్చి ఈ ముగ్గురి మీదా కాపలా పెడతానంటే ఎట్టా కుదిరిద్ది?

పెద్దబాతులు నేను పెంచాను. హంసబాతులని కూడా అంటారు. మనిషిని చూస్తే మెడ నేలబారుగా చాచి బుస్సుమని వస్తాయి. ముంగిస జంకిద్ది, కాకులు వాలవు, అంతవరకు నిజమే. అయితే మా పోతుబాతు ముంగిసని ఒకసారి తరిమితే పాలబ్బాయిని నాలుగుసార్లు తరిమింది. ఆడది గుడ్లు పెట్టే కాలంలో దాన్ని పట్టలేం. చివరికి ఆ అబ్బాయి క్యాను గేటు బయటే పెట్టి ఫోను చేసేవాడు. ఇంకోటి, జతగా కొంటే రెండూ ఒకదాని ధ్యాసలో ఒకటి ఉంటాయి, కోళ్లని పట్టించుకోవు. ఒక్క పిల్లని తెచ్చి కోడిపిల్లలతో పాటే పెంచితే అదే తన మంద అనుకుంటది. అంత చేసినా ఊరకుక్కలు రెండు కలిసి వస్తే ముందు పడేది బాతే. నాది అట్టానే పోయింది.

అల్సేషన్ వద్దమ్మా. అది గొర్రెలు తోలే జాతి, కదిలేదాని వెంటపడటం దాని రక్తంలో ఉంది. కోడి కదలకుండా ఉంటదా? మన వైపు కుక్కంటే జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు తోలేవాళ్లు పెంచేవాళ్లు. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, మొరగదు, సాగదీసి ఒక రాగం తీసిద్ది. బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దాని కూడు పోయింది, ఇప్పుడు అసలుది దొరకడం కష్టం. నేను వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లనే తెచ్చా. ఎనిమిది నెలలప్పుడు ఒకరోజు చేలోంచి వచ్చేసరికి ఏడు కోడిపిల్లలు వసారాలో వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ పంటి గాటు లేదు, ఒళ్లంతా చొంగ. ఆడుకుని ఆడుకుని చంపేసింది. వాటి పక్కన కూర్చుని నన్ను చూసి తోక ఊపింది. ఏం చేస్తాం, కొట్టబుద్ధి కూడా కాలేదు. ఏడాదిన్నర దాకా కుక్కకి బుద్ధి నిలవదు. అందాకా మెడలో తాడుతోనే కోళ్ల మధ్య తిప్పాలి. చచ్చిన కోడినీ, పగిలిన గుడ్డునీ దాని నోటికి తగలనియ్యకూడదు, రుచి తెలిస్తే ఇక అంతే. ఆ కుక్కే తర్వాత తొమ్మిదేళ్లు నా దొడ్డి కాసింది.

గినీకోళ్ల మాట ఎవరూ ఎత్తలేదేంది? అరుపులో వాటి తర్వాతే ఎవరైనా. పాము కదిలినా, గద్ద నీడ పడినా, కొత్త మనిషి గేటు తీసినా ఊరు లేచిద్ది. పెట్ట రెండు ముక్కలుగా అరుస్తది, పుంజు ఒకే ముక్క, అట్టానే గుర్తుపట్టాలి. ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రం వాళ్లు కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అని రకాలు తీశారు. పేర్లు వింటే నాట్యగత్తెలనుకుంటాం, గొంతు వింటే తుప్పుపట్టిన చేతిపంపు. అరుస్తాయంతే, పోట్లాడవు. అరుపు విని పరిగెత్తాల్సింది నువ్వే. పెద్దవాటిని తెచ్చి వదిలితే సాయంత్రానికి పక్క ఊళ్లో ఉంటాయి, నెలన్నర షెడ్డులోనే పెట్టి అలవాటు చెయ్యాలి. లేకపోతే రాత్రికి మామిడిచెట్టు ఎక్కుతాయి, గుడ్లగూబకి విందు.

ఇవన్నీ అటుంచి, నీ దగ్గర మంచి పుంజు ఉందా? పైన గద్ద వస్తే సన్నగా సాగదీసి ఒక కూత, నేల మీద ఏదన్నా వస్తే కొక్కొక్కొమని తెంపు లేకుండా ఇంకో కూత. మొదటిది వింటే పెట్టలు నక్కుతాయి, రెండోది వింటే మెడలెత్తి నించుంటాయి. నక్కడానికి చోటుండాలి గదా. కొట్టేసిన మామిడి కొమ్మలు తగలెయ్యకుండా తోటలో అక్కడక్కడా కుప్పలు వెయ్యి, పిల్లలు దూరడానికి. చెట్టు మీద పసులపోలిగాడు గూడు పెడితే దాని జోలికి పోవద్దు. పిడికెడు పిట్ట, కాకినీ గద్దనీ నెత్తి మీద పొడిచి పొడిచి ఊరవతల దింపి వస్తది. కూలి అడగదు.

నున్న తోట:

బాబాయి గారూ, మీరు రాసింది చదివి టార్చి వేసుకుని వెళ్లి చూశాను. కర్ర కంచెకి జానెడు దూరం కూడా లేదు. కన్నాలు రెండంగుళాలు. ఒక కన్నం చుట్టూ ఎండిన రక్తం, తీగకి చుట్టుకుని రెండు మెడ ఈకలు. ఇన్నాళ్లూ తలుపు గడియనే అనుమానించాను. ఆ మొదటి పెట్ట పోయిన రోజు మా ఆయన్ని గడియ వెయ్యలేదని తిట్టాను కూడా. ఆ ముంగిసకి ఉచ్చు పెట్టిస్తానని పక్క తోట కాపలా అతను అంటున్నాడు, పెట్టించనా?

సూదిమందు:

వద్దండీ. 1972 వన్యప్రాణి చట్టం కింద ముంగిసనైనా అడవిపిల్లినైనా పట్టడం, చంపడం నేరం. అదీకాక ముంగిస పోతే ఎలుకలూ పాములూ పెరుగుతాయి, అప్పుడు గుడ్లు పోతాయి.

పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాడిగా రెండు మాటలు. ఎవరైనా టర్కీ కోడిని కాపలాకి పెట్టమంటే వినకండి. కోడి కడుపులో ఉండే నులిపురుగుతో వచ్చే జబ్బు ఒకటుంది, కోడికి పెద్దగా ఏమీ కాదు, టర్కీ కాలేయం పాడై చస్తుంది. బాతులు నీళ్లతొట్టిలో ముక్కు పెట్టి చుట్టూ బురద చేస్తాయి. ఆ తడిలో కోడిపిల్లలకి రక్తపారుడు పట్టుకుంటుంది. బర్డ్ ఫ్లూ వైరస్ బాతుల్లో పైకి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఏం జరిగిందో చూశాం. ఏ పక్షిని తెచ్చినా మూడు నాలుగు వారాలు వేరే చోట పెట్టి, తర్వాతే కలపండి. కొక్కెర తెగులు టీకా గినీకోళ్లకీ వేయించాలి. కుక్కని పెంచితే మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన ఏటా.

పసుపుకొమ్ము:

డాక్టరు గారు చెప్పింది రాసి పెట్టుకో. నీ పదివేలల్లో సగం ముందు జాలీకి పెట్టు. అరంగుళం కన్నం ఉండే వెల్డ్ మెష్, నేల నించి నడుం ఎత్తు దాకా, ఇంకో అడుగు భూమిలోకి. కర్రని కంచెకి రెండడుగులు లోపలికి జరుపు. మిగిలిన దాంట్లో గినీకోళ్లు ఆరు.

నున్న తోట:

రెండు నెలలయింది, ఏమైందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను. మెష్ వన్‌టౌన్‌లో తీసుకున్నాం. కర్ర జరిపిన రాత్రి నుంచి షెడ్డులో ఒక్కటి పోలేదు. మెష్ మీద గోళ్ల గీతలు మాత్రం రెండుసార్లు కనిపించాయి. పగలు ఒక పెట్ట పోయింది, అదీ కందిచేలోకి దానంతట అదే వెళ్లింది. బాతులు కొనలేదని మా ఆడపడుచు అలిగింది.

గినీకోళ్లు ఆరూ పెనమలూరు నుంచి తెచ్చాం. మొదట కోళ్ల పాత గూట్లో విడిగా ఉంచి, తర్వాత షెడ్డులోకి మార్చి, సంక్రాంతి వెళ్లాక బయటికి వదిలాం. నన్ను చూసి అరవడం మానేశాయి. పాలావిడ్ని చూసీ మానేశాయి. మా ఆయన చీకటి పడ్డాక గాని రారు కదా, రోజూ తొమ్మిదింటికి ఆయన బండి గేటు దాటగానే షెడ్డులోంచి ఆరూ ఒక్కసారే అందుకుంటాయి. ఎదురింటివాళ్లు లైటు వేసి చూస్తారు. ఇది ఎన్నాళ్లకి తగ్గుతుంది బాబాయి గారూ?

పసుపుకొమ్ము:

మా ఇంట్లో ఎనిమిదేళ్లు ఉన్నాయమ్మా. తగ్గలా. బండి గేటు బయటే ఆపి నడిచి రమ్మను.