వైద్యంలో కాంతి, లేజర్లు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విశాఖ విద్యార్థిని):
బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని మా నాన్నమ్మకు గ్రీన్ లేజర్ చేశారు. తర్వాత శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకు మళ్లీ మసక కమ్మితే ఈసారి యాగ్ లేజర్ అన్నారు. రెండూ లేజర్లే కదా, రెండు యంత్రాలు ఎందుకు? ఇంట్లో ఎవరినడిగినా తెలియలేదు. అప్పటి నుంచి ఈ రంగమే చదవాలని ఉంది. ఎంబీబీఎస్ లేకుండా రావచ్చా? ముందు ఏమి చదవాలి?

జవాబు (గుంటూరు రెటీనా వైద్యురాలు):
చాలా గ్రీన్ లేజర్లు కూడా యాగ్ (నియోడిమియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్) స్ఫటికంతోనే పనిచేస్తాయమ్మా. దాని నుంచి 1064 నానోమీటర్ల పరారుణ కాంతి వస్తుంది. మరో స్ఫటికం గుండా పంపి తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే 532, అంటే ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చను రెటీనా వెనకున్న మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం, రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుని వేడెక్కుతాయి. 200 మిల్లీవాట్లు పెట్టి సెకనులో పదో వంతు పాటు వేస్తే అందే శక్తి 20 మిల్లీజౌళ్లు. పెడల్ నొక్కగానే రెటీనా మీద బూడిద తెలుపు చుక్క తేలుతుంది. మరీ తెల్లబడితే పవర్ తగ్గిస్తాను. కంటి లోపల రక్తం కారి ఉంటే కాంతిని ఆ రక్తమే తినేస్తుంది, వెనక్కి చేరదు.

శుక్లం ఆపరేషన్ తర్వాత మసకబారే పొర సంగతి వేరు. 1064 కాంతిని పీల్చుకునే రంగు పదార్థం అందులో లేదు. అక్కడ వాడేది దాదాపు 2 మిల్లీజౌళ్లే, కానీ 4 నానోసెకన్లలో. భాగించి చూడండి, 5 లక్షల వాట్లు! ఆ కాంతి ఒక సూక్ష్మ బిందువు దగ్గర కేంద్రీకృతమైతే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మా (రక్తంలోది కాదు, విద్యుదావేశం ఉన్న వాయువు) పుడుతుంది. ఆ అదురుకు పొర చిరుగుతుంది. శక్తి పదో వంతే, పని పూర్తిగా వేరు.

అందుకే ముందు లేజర్ల పుస్తకం కాదు, శరీరం గురించి చదవండి. రక్తం, మెలనిన్, నీరు ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పీల్చుకుంటాయో చూపే గ్రాఫు మీ చేతి గీతల్లా తెలిసిపోవాలి. మూత్రపిండాల రాళ్లకు 2100 నానోమీటర్ల హోల్మియం లేజర్ ఎందుకు వాడతారో నీటి గ్రాఫు చూస్తే అర్థమవుతుంది.

ఎంబీబీఎస్ అక్కర్లేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ రసాయన శాస్త్రవేత్త. 1981లో ఐబీఎంలో పనిచేస్తూ, పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద 193 నానోమీటర్ల లేజర్ వేశారు. పక్కన కాలిన గుర్తు లేకుండా తెగింది. కళ్లద్దాల అవసరం తగ్గించే లాసిక్ లేజర్ చికిత్సకు పునాది అదే.

జవాబు (బయోమెడికల్ ఇంజినీరు, వరంగల్):
మేడమ్ చెప్పినదానికి తోడు, కొలవడం నేర్చుకోండి. పసికందుల కామెర్లకు నీలికాంతి పెడతాం. 460 నుంచి 490 నానోమీటర్ల కాంతి తగిలితే కామెర్లలో ఒంటికి పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ రూపం మారి, శరీరం నుంచి సులువుగా బయటికి పోతుంది. గట్టి చికిత్సకు చదరపు సెంటీమీటరుకు, ఒక్కో నానోమీటరుకు 30 మైక్రోవాట్లు ఉండాలి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పాత ట్యూబులు గది నిండా నీలంగా వెలిగేవి, మీటరు పెడితే అందులో సగం కూడా లేదు. కంటికి ఆ తేడా తెలియదు. దీపం దించగానే అంకె పెరిగింది, ట్యూబులు మార్చాక సరిపోయింది. ఆ మీటరు ఊరూరా ఉండాలని నా కోరిక.

చదువుకు ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగం, మణిపాల్, పరిశోధనకు ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రం చూడండి. అర్హతలు ప్రకటనల్లో సరిచూసుకోండి.

విశాఖ విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా కళాశాలలో పాయింటర్ తప్ప లేజర్ లేదు. ఇప్పుడేం చేయగలను?

బయోమెడికల్ ఇంజినీరు:
లేజర్ అక్కర్లేదు. 660 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ, కాంతిని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఒక ఫోటోడయోడ్, మధ్యలో మీ వేలు. సిగ్నల్‌ను పెంచి ఆసిలోస్కోపులో చూస్తే మీ నాడి కనిపిస్తుంది. తర్వాత 940 ఎల్‌ఈడీ చేర్చండి. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపును ఎక్కువగా, 940ను తక్కువగా పీల్చుకుంటుంది. 1970లలో జపాన్‌లో తకువో అఒయాగి అనే ఇంజినీరు, రక్తంలో ఆక్సిజన్‌ను వేలి దగ్గరే కొలిచే పల్స్ ఆక్సీమీటరుకు దారి వేసింది ఈ తేడాతోనే. వేలు కదలకుండా బల్ల మీద ఆనించండి, గది దీపం ఆర్పండి. లేకపోతే ట్యూబులైటు రొదలో నాడి దొరకదు.