‘మడిల్’ అంటే దంచడమా, నలపడమా?

గోదారిగట్టు: అనాసపండు, పుదీనా వేసి ఇంట్లో కలుపుకునే రమ్ము పానీయం తయారీ తెలుగులో రాస్తున్నాను. మూలం క్యూబా వాళ్ల మొహీతో (మన మెనూ కార్డుల్లో ‘మోజిటో’ అయి కూర్చుంది). గ్లాసు అడుగున పండునీ ఆకునీ కర్రతో నొక్కే పనిని ఇంగ్లీషులో మడిల్ అంటారు. ‘దంచండి’ అని రాస్తే సరిపోతుందా?

ఓరుగల్లు: దంచుడంటే రోకలి పైకి లేశి పడాలె. పుదీనాను అట్ల దంచితే పచ్చడైతది అన్నా. పుదీనా వాసన నూనె ఆకు మీద కంటికి ఆనని సన్న బుడిపెలల్ల ఉంటది. జర ఒత్తితే చాలు, పగులుతయ్. ఆకు చినిగిందంటే లోపలి పసరు దిగుతది, తాగుతుంటే చేదు, గడ్డి వాసన. ముక్కలు కాసేపటికి నల్లబడి స్ట్రాకు అడ్డం పడతయ్. ‘నలపండి’ అని రాయి. తులసాకు నలిపి వాసన చూస్తం గద, అంతే బలం.

సీమపిల్ల: ఆకుకి నలపడం సరే. అనాస ముక్కని నలిపితే ఏమవుతుందన్నా, జారి పక్కకి పోతుంది. దాన్ని పప్పు మెదిపినట్టు మెదపాల్సిందే. ఇంగ్లీషు వాళ్లు రెండు పనులకీ ఒకే మాట వాడతారు కాబట్టే చాలామంది రెండూ కలిపి గ్లాసులో వేసి ఒకటే కుమ్ముడు కుమ్ముతారు. పండు మెదిగేసరికి ఆకు పీచు పీచు. ముందు పండు మెదిపి, తర్వాత ఆకు వెయ్యాలి. తెలుగులో రెండు క్రియలు రాస్తే ఆ వరస దానంతటదే తెలుస్తుంది.

గోదారిగట్టు: బాగుంది అమ్మా. అయితే ఇలా మార్చాను, చూడండి:

“మధ్య దూటు తీసేసిన అనాస ముక్కలు నాలుగైదు (సుమారు 60 గ్రాములు), చెంచా పంచదార పొడవాటి గ్లాసులో వేసి రసం ఊరేదాకా మెదపండి. 15 మి.లీ. నిమ్మరసం పోసి పంచదార కరిగేలా తిప్పండి. పుదీనా ఆకులు ఎనిమిదో పదో వేసి నాలుగైదుసార్లు మెల్లగా నలపండి. 45 మి.లీ. తెల్ల రమ్ము, అంటే చిన్న పెగ్గున్నర, పోయండి. గ్లాసు నిండా ఐసు వేసి, చల్లటి సోడా 60 నుంచి 90 మి.లీ. అంచు వెంట పోసి, పొడుగు చెంచాతో అడుగునుంచి ఒక్కసారి పైకి లేపండి.”

ఓరుగల్లు: నిమ్మరసం 20 గద?

గోదారిగట్టు: పండు లేని మామూలు మొహీతోకి 20. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత కూడా అదే: 45 రమ్ము, 20 నిమ్మరసం, రెండు చెంచాల పంచదార. అనాసకి తన పులుపు ఉంది కాబట్టి ఇక్కడ తగ్గించాను. పండు బాగా మాగితే పంచదార అరచెంచా చాలు. పుచ్చకాయతో చేస్తే లెక్క తిరగబడుతుంది: దానికి పులుపే లేదు, నిమ్మరసం 20 ఉండాలి. నీళ్లు ఎక్కువ కాబట్టి సోడా సగానికి తగ్గించాలి.

తెనాలిబుల్లోడు: ఆలస్యంగా వచ్చాను. ‘చిదిమి’ అనకూడదా? చిదిమి దీపం పెట్టుకోవచ్చు అంటాం కదండీ.

సీమపిల్ల: చిదమడం రెండు వేళ్ల పని అండీ. గ్లాసు అడుగుకి వేళ్లు పోవు. ఆ మాటకొస్తే నలపడం కూడా వేళ్ల పనే. కర్రతో పైనుంచి ఒత్తేదానికి మనకి ‘అదమడం’ ఉంది కదా. ‘ఆకులు వేసి, కర్రతో అదిమి, కాస్త తిప్పి వదలండి’ అంటే చెయ్యి ఎలా కదలాలో కూడా వచ్చేసింది.

ఓరుగల్లు: అదిమి వదులుడు. ఇదే ఖాయం చెయ్యి అన్నా.

తెనాలిబుల్లోడు: ఒప్పుకున్నాను. కర్ర సంగతి కూడా రాయండి. పప్పుగుత్తి చాలామందికి తోస్తుంది, కానీ దాని తలకి గాడులుంటే ఆకు చీరేస్తుంది. పండు దానితో మెదిపి, ఆకుకి సన్నపాటి అప్పడాల కర్ర మొన వాడాలి. పచ్చడిబండ మాత్రం గాజుగ్లాసులో దించొద్దు, అడుగు పగులుతుంది. పల్చటి గ్లాసయితే స్టీలు గ్లాసులో మెదిపి, రమ్ము కలిపాక ఇందులోకి వంచుకోవచ్చు.

గోదారిగట్టు: చేర్చాను. నిమ్మచెక్కలు కూడా వేసి అదమమంటారు కొందరు, దాని మాటేమిటి?

సీమపిల్ల: తొక్కలో నూనె కోసం అది. మన నిమ్మకాయ తొక్క పల్చన, గట్టిగా ఒత్తితే చేదు దిగిపోతుంది. ఒక్క చెక్క, ఒక్కసారి. ఇంకోటి, ‘బాగా కలపండి’ అని ఎక్కడా రాయొద్దు. సోడా పోశాక గిలక్కొడితే గ్యాసంతా పోయి చప్పబడుతుంది. మీరు రాసిన ‘అడుగునుంచి పైకి లేపండి’ అలాగే ఉంచండి.