కొత్త సీసీ రోడ్డు కోసేసిన బిల్డర్: పూడ్చాల్సింది ఎవరు?

కాలనీవాసి: పదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చిన సీసీ రోడ్డు. మూల మీద ఐదంతస్తులు లేపినాయన డ్రైనేజీ కలపడానికి మే నెలాఖర్లో అడ్డంగా కోశాడు. పైపు వేసి ఏదో నింపి పోయాడు. మొదటి వానకే కుంగింది. మా ఆవిడ స్కూటీ మీంచి పడి మణికట్టు విరిగింది. మోటారు వాహనాల చట్టం 198ఏ కింద లక్ష జరిమానా ఉందటగా, కేసు పెట్టొచ్చా? ఫొటో జత చేశాను.

పాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్): 198ఏ మీకు పనికిరాదు. అది రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ బాధ్యత ఉన్న సంస్థలకూ కాంట్రాక్టర్లకూ. అదీ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి పోతేనో వైకల్యం వస్తేనో. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 285 చూడండి. జనం నడిచే దారిలో ప్రమాదం, అడ్డంకి కలిగిస్తే 5,000 దాకా జరిమానా. పాత ఐపీసీ 283లో 200 రూపాయలే ఉండేది. ఇంతకీ గోతిలో పోసింది ఇసుకా, మట్టా?

మేస్త్రీ కొడుకు: నేనూ చిన్న బిల్డర్నే. పర్మిషన్ తీసుకొని, కోసిన రోడ్డును మున్సిపాలిటీ మళ్లా వేసేందుకు రిస్టోరేషన్ చార్జీలు ముందే కట్టినోడు మళ్లా కాంక్రీటు ఎందుకు పోయాలె? పోయినేడు నేను చలానా కట్టిన. మూడు నెలలైనా ఎవరూ రాలే. కాలనీవాళ్లు నా లారీ ఆపిన్రు. చివరికి నా జేబులకెళ్లే పోయించిన. ఒక్క రోడ్డుకు రెండుసార్లు కట్టిన.

పాత ఏఈ: చార్జీలు పైనున్న కాంక్రీటుకి. నేనిచ్చిన అనుమతుల్లో కింద పొరలు పొరలుగా నింపి, నీళ్లు కొట్టి, గట్టిగా కుదించే పని తవ్వినవాడిదే. పొర ఎంత మందం వేశారు?

స్కూటీ: వానాకాలంలో కోతలకు అనుమతి ఆపేస్తారు కదా, అందుకే మే నెలాఖర్లో అందరూ ఒకేసారి గడ్డపార పడతారు. మా వీధిలో నెట్ కూడా పోయింది.

కాలనీవాసి: లక్ష ఎక్కడ, ఐదు వేలు ఎక్కడ? ఆ డబ్బు వాడికి టీ ఖర్చు. 198ఏ గురించి లాయర్‌నే అడుగుతా.

మేస్త్రీ కొడుకు: సారూ, మీ ఫొటోల ఎడమదిక్కు గేటు మీదేనా? ర్యాంపు నాలుగడుగులు రోడ్డు మీదికే ఉంది. 285 దానికి వర్తించదా?

కాలనీవాసి: ఆ ర్యాంపు ఇరవై ఏళ్లనాటిది. వాన నీళ్లు ఇంట్లోకొస్తే నువ్వొచ్చి తోడతావా? మేం వచ్చినప్పుడు ఇక్కడ ముళ్లకంపలు. ఈ డ్రైనేజీ పైపు మేం చందాలు వేసుకొని వేయించింది. దాంట్లోకి ఇప్పుడు ఇరవై ఫ్లాట్ల మురుగు కలుపుతారా? పొంగేది ఎవరి గుమ్మం ముందు?

మేస్త్రీ కొడుకు: గిదీ అసలు ముచ్చట! గుంత కాదు నీ బాధ, అపార్ట్‌మెంటు. ముందొచ్చినోళ్ల జాగీరా రోడ్డు? ఆ ఇరవై ఇండ్లోళ్లు కూడ పన్ను కడ్తరు.

కాలనీవాసి: కడతారు. పైపు మాత్రం అదే సైజు. అపార్ట్‌మెంటుకి సంతకం పెట్టినవాడు పైపు చూశాడా?

స్కూటీ: అన్నా, వదినకి ఇప్పుడు ఎలా ఉంది?

కాలనీవాసి: కట్టు వేశారు. ఆరు వారాలట.

పాత ఏఈ: ఇసుకా మట్టా అని ఇందాకే అడిగాను.

కాలనీవాసి: మట్టి. ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు కూడా తేలాయి.

పాత ఏఈ: కుంగక ఏం చేస్తుంది! పక్కన స్కేలు పెట్టి ఈ రోజే ఫొటోలు తీయండి. పైన కాంక్రీటు పోసేశాక మీ దగ్గర రుజువేమీ మిగలదు.