మణికట్టు సెన్సర్‌తో సైగలు: టీ కప్పు ఎత్తినా ఫ్యాను తిరుగుతోంది

ప్రశ్న:
మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికి ఇబ్బంది పడుతున్న మా నాన్నగారి కోసం, కదలికలను కొలిచే ఎంపీయూ-6050 సెన్సర్‌ను ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డుకు కలిపి, మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకటి తయారుచేశాను. చేతిని కుడివైపు తిప్పితే లైటు, పైకెత్తితే ఫ్యాను పనిచేయాలి. నా చేతికి బాగానే పనిచేసింది గాని, ఆయన టీ కప్పు ఎత్తినా, దుప్పటి లాక్కున్నా ఫ్యాను తిరుగుతోంది. పైగా చెయ్యి ఎటు తిరిగి ఉందో లెక్కగట్టే కోణం కాసేపటికే ఎక్కడికో జరిగిపోతోంది. ఏం సరిచేయాలి?

జవాబు 1:
కోణం జరిగిపోవడం మీ ప్రోగ్రాము తప్పు కాకపోవచ్చు. ఆ సెన్సర్‌లోని గైరోస్కోపు చెప్పేది తిరిగే వేగాన్నే కాబట్టి, దాన్ని కూడుకుంటూ పోతే ప్రతి చిన్న దోషమూ పేరుకుపోతుంది. పైకీ కిందికీ వంగిన వంపును గురుత్వాకర్షణ ఆధారంగా అందులోనే ఉన్న, త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటరు సరిదిద్దగలదు గాని, నిలువు అక్షం చుట్టూ తిరిగిన కోణానికి ఆ ఆసరా లేదు. దిక్కు చెప్పే మాగ్నెటోమీటరు ఈ చిప్పులో ఉండదు. అందువల్ల కోణాన్ని వదిలేసి, సైగ సాగినంతసేపూ తిరిగే వేగం ఎలా పెరిగి తగ్గిందో చూడండి. గైరో పరిధిని మీరు మార్చకపోతే అది సెకనుకు ±250 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మణికట్టును విసురుగా తిప్పితే ఆ హద్దు దాటి, గ్రాఫు కొసలు తెగిపోతాయి. 1000కో 2000కో మార్చండి.

జవాబు 2:
అది నిజమే గాని, అసలు చిక్కు వేరు. సైగను గుర్తుపట్టడం కన్నా, చేసింది సైగ కాదని గుర్తుపట్టడమే కష్టం. ఆయన భోంచేస్తున్నప్పుడు, పేపరు తిరగేస్తున్నప్పుడు వచ్చే డేటాను కనీసం గంటసేపు నమోదు చేసి, ముందే నమోదు చేసుకున్న మీ సైగల నమూనాలతో పోల్చి, అందులో ఏదీ పొరపాటున సైగగా చెల్లని చోట హద్దు పెట్టండి. పోల్చడానికి ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కు దాకా వెళ్ళనక్కరలేదు. మాటలను గుర్తుపట్టడానికి జపాన్ పరిశోధకులు సకోయె, చిబా 1978లో వివరించిన డైనమిక్ టైమ్ వార్పింగ్ పద్ధతి, ఒకే సైగను నిదానంగా చేసినా గబగబా చేసినా కాలాన్ని సాగదీసి, కుదించి సరిపోలుస్తుంది. దానికి ముందు ఒక మేలుకొలుపు సైగ పెట్టండి: మణికట్టును వెంటవెంటనే రెండుసార్లు తిప్పిన తర్వాత, మూడు సెకన్లలోపు చేసినదాన్నే ఆజ్ఞగా తీసుకోవాలి.

జవాబు 3:
ఆ నమూనాలు ఎవరి చేతివి? ఆయన చెయ్యి మీ చెయ్యంత వేగంగా లేవదు. ఆయన పడుకున్న భంగిమలోనే ఒక్కో సైగనూ పదేసి సార్లు చేయించండి. పట్టీ జారి మణికట్టు చుట్టూ తిరిగితే అక్షాలే మారిపోతాయి గనుక, దాన్ని కాస్త బిగుతుగా కట్టండి.

ప్రశ్న అడిగినవారు:
నమూనాలన్నీ నావే, పరిధి కూడా 250 దగ్గరే ఉంది. ఆదివారం ఆయనతోనే నమోదు చేయిస్తాను. ఫ్యానుకు మాత్రం వేరే సైగ వెతకాలి. చెయ్యెత్తడానికీ కప్పు ఎత్తడానికీ గ్రాఫులో తేడా నాకే కనబడడం లేదు.