సెట్టింగ్స్ విండోలో ‘అప్లై’ బటన్ ఉంచాలా, తీసేయాలా?

గాంధీరోడ్డు_కోడర్:
తిరుపతిలో చిన్న షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను, విండోస్ మీద నడిచేది. ఇప్పుడు సెట్టింగ్స్ విండో మొదటినుంచి మళ్లీ రాస్తున్నా. ఇన్నాళ్లూ ఓకే, క్యాన్సిల్, అప్లై మూడూ పెట్టాను, విండోస్ 95 కాలం నుంచి అందరూ చూస్తున్న పద్ధతే కదా అని. కానీ స్టీలు సామాన్ల షాపులో ఒక అక్క ఫాంటు సైజు మార్చి, అప్లై నొక్కి, ఇప్పుడు క్యాన్సిల్ కొడితే మార్చింది పోతుందేమోనని భయపడి మళ్లీ ఓకే కూడా నొక్కుతుంది. ఇంకొకాయన అన్నీ ఓపిగ్గా మార్చి, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేస్తాడు, అంతా పోతుంది, వెంటనే నాకు ఫోను. మ్యాక్‌లో చాలావాటికి ఈ బటన్లే ఉండవు, టిక్ పెట్టగానే అమలైపోతుంది. నేనూ అలాగే చేసేయనా?

తోతాపురి_చిత్తూరు:
నేను ప్రోగ్రామర్ని కాదన్నా, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చుంటాను. దయచేసి అన్నిటికీ అలా చేయొద్దు. పోయిన సీజన్లో స్లిప్పు మీద అక్షరాలు పెద్దవి చేద్దామని సెట్టింగ్స్ తెరిచి, కిందికి జరపడానికి మౌస్ చక్రం తిప్పాను. పేజీ జరగలేదు. కర్సర్ ఒక డ్రాప్‌డౌన్ మీద ఉందంట, అందులో కాటా కేబుల్ తగిలించిన పోర్టు పేరు కామ్ 3 అని ఉన్నది కామ్ 4 అయిపోయింది, సేవ్ చేయాలా అని అడగను కూడా లేదు. నేను చూసుకోలేదు. విండో మూసేసరికి తెర మీద బరువు రావడం ఆగిపోయింది. బయట ట్రాక్టర్ల వరుస, కాయ ఎండలో మగ్గిపోతోందని రైతుల కేకలు, నాకు చేతులు వణికాయి. కేబుల్ పీకి పెట్టి చూశాం, కంప్యూటర్ ఆపి పెట్టి చూశాం, అసలు సంగతి తెలిసేసరికి ముప్పావుగంట పోయింది.

పాతకోడ్:
తమ్ముడూ, పైన కాటా ఆయన చెప్పిందే నీకు జవాబు. మార్పు కళ్లముందే కనబడి, నచ్చకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోగలిగితే వెంటనే అమలు చేసెయ్: ఫాంటు, రంగు, శబ్దం లాంటివి. ఫలితం తర్వాతెప్పుడో బిల్లు చేతికొచ్చాక బయటపడేవి, అంటే ప్రింటరు, పోర్టు, పన్ను శాతం, డేటాబేస్ దారి, వీటికి ‘సేవ్’ ఉండాల్సిందే. రెండు రకాలనీ ఒకే పేజీలో మాత్రం కలపకు, ఏది అమలైందో ఏది కాలేదో వాడేవాళ్లకు ఎలా తెలుస్తుంది? విండోస్‌లో రిజల్యూషన్ మారిస్తే 15 సెకన్లు లెక్కపెట్టి, నువ్వు ఒప్పుకోకపోతే పాతదానికి వెళ్లిపోతుంది చూడు, పోర్టు మార్పుకి అలాంటిదే పెట్టు, బరువు రాకపోతే తనే వెనక్కి వెళ్లాలి. ఇంటూ నొక్కితే చడీచప్పుడు లేకుండా పారేయకు, సేవ్ కానివి ఉంటే అడుగు, ఏమీ మారకపోతే అడగకు. ఈ వాదన ఇప్పటిది కాదు, 2002లో లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 2 వాళ్లు వెంటనే అమలు వైపు వెళ్లారు, ఇంకొకటైన కేడీఈ వాళ్లు అప్లై బటన్ ఉంచుకున్నారు.

ఆ మౌస్ చక్రం జబ్బు విన్‌ఫార్మ్స్‌లో, అంటే విండోస్ ప్రోగ్రాముల కిటికీలు, బటన్లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనంలో, నిజంగానే ఉంది. కాంబోబాక్స్ (డ్రాప్‌డౌన్‌కి అందులో పేరు) మౌస్‌వీల్ ఈవెంట్‌ని పట్టుకుని హ్యాండిల్డ్‌కి ట్రూ పెట్టు, జాబితా తెరిచి ఉన్నప్పుడు తప్ప; అప్పుడు చక్రం తిప్పినా విలువ మారదు.

గాంధీరోడ్డు_కోడర్:
చక్రం సంగతి నాకు తట్టనే లేదు, నాదీ విన్‌ఫార్మ్సే, ఇందాకే తిప్పి చూశా, పన్ను శాతం 5 నుంచి 18కి మారిపోయింది. టైపు చేసే గళ్ల విషయంలో కూడా ఇప్పుడు భయమేస్తోంది. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, 9 కొట్టాక గిరాకీ వచ్చి లేచి వెళ్తే సగం నంబరే బిల్లు మీద పడుతుంది. దాన్ని సేవ్ ఉన్న పేజీలోకే తోసేస్తా, 15 పూర్తయ్యేదాకా ఆ బటన్ నొక్కడానికి రాదు. అప్లై తీసేస్తున్నా.

తోతాపురి_చిత్తూరు:
పాత విలువ ఏముండేదో పక్కన చిన్నగా చూపించన్నా. ఆ రోజు ‘ముందు: కామ్ 3’ అని ఒక్క ముక్క కనబడి ఉంటే నేనే సరిచేసుకునేవాణ్ని.